ఊరి బడి పంతులు ఎవరి ఉద్యోగి?
(రాయపూర్ శివారు ఉర్లాలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)

ఎవరి స్మృతికి ఈ ఉపన్యాసం అంకితమో, ఆ మాస్టారి కుటుంబ సభ్యులు ముందు వరుసలో ఉన్నారు. ఆయన జీవిత విశేషాలు ఏకరువు పెట్టవద్దని, ఆయన బతికినన్నాళ్లూ నమ్ముకున్న ఉపాధ్యాయ సంఘం గురించి చెప్పమని వారు నన్ను కోరారు. అది ఆయన స్వభావానికి తగిన కోరిక. మన్నిస్తున్నాను.

విజయనగరం నుంచి రాయపూర్‌కు రైలుమార్గం 1931లో పూర్తయింది. బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా సాగే ఆ దారి వెంట ఉత్తరాంధ్ర మనుషులు తరతరాలుగా ఇటు వస్తూనే ఉన్నారు. కాబట్టి ఇక్కడి తెలుగువారికి రెండు చరిత్రలూ సొంతమే. కన్నఊరి బడి చరిత్ర ఒకటి, పిల్లలు చదువుకుంటున్న ఛత్తీస్‌గఢ్ బడి చరిత్ర ఇంకొకటి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటమే ఈ సాయంత్రం నా ప్రయత్నం.

ఉపాధ్యాయ సంఘాల చరిత్రను పే రివిజన్ల చరిత్రగా, కరువుభత్యం వాయిదాల చరిత్రగా చెప్పుకోవడం మనకు అలవాటైపోయింది. నాకు మాత్రం ఆ చరిత్రంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగినట్టు కనిపిస్తుంది. ఊరి బడి పంతులు ఎవరి ఉద్యోగి? మేనేజరు ఉద్యోగా, బోర్డు ఉద్యోగా, సమితి ఉద్యోగా, పంచాయతీ ఉద్యోగా, ప్రభుత్వ ఉద్యోగా? నూరేళ్లుగా పాలకులు ఈ ప్రశ్నకు మార్చి మార్చి జవాబులు చెబుతూ వచ్చారు. సంఘం పోరాడి ఒక జవాబును గెలుచుకున్నప్పుడల్లా, కింద ఇంకో మెట్టు కట్టి, ఆ మెట్టు మీద నిలబడ్డవాణ్ణి ఇంకో పేరుతో పిలిచారు. ఆ కింది మెట్టువాణ్ణి సంఘం తన మనిషిగా ఎప్పుడు చూసింది, ఎప్పుడు చూడలేదు అన్న దాన్ని బట్టే దాని బలం పెరిగింది, తరిగింది. ఇదే నా వాదన.

మొదట మద్రాసు రాజధాని కాలం. కోస్తా పల్లెల్లో ప్రాథమిక విద్య చాలాకాలం ఎయిడెడ్ బడుల చేతిలో ఉండేది. సర్కారు గ్రాంటు ఇచ్చేది, మేనేజరు తీసుకునేవాడు, అందులోంచి పంతులుకు ఎంతో కొంత దక్కేది. సంతకం పెట్టేది ఒక మొత్తానికి, చేతికొచ్చేది ఇంకో మొత్తం. 1920లో మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. జిల్లా విద్యా మండళ్లు ఏర్పడ్డాయి, బోర్డు బడులు పెరిగాయి. మేనేజరు దయ పోయి బోర్డు ప్రెసిడెంటు దయ వచ్చింది. ఎన్నికలో ఓడిన పక్షం మనిషని ముద్ర పడితే చాలు, పంతులు పెట్టెబేడా సర్దుకొని ఏరు దాటి వెళ్లాల్సి వచ్చేది. ఎలిమెంటరీ టీచర్లు సంఘాలుగా కూడింది ఈ అవమానంలోంచే. అప్పటికి జీతమే తక్కువ. ఉద్యోగానికి భద్రత అసలే లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ 1957లో గ్రామ స్వపరిపాలనకు మూడంచెల బాట చూపింది. 1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో, అదే నెల 11న మన షాద్‌నగర్‌లో జవహర్‌లాల్ నెహ్రూ పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక పాఠశాలలు పంచాయతీ సమితుల కిందికి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుల కిందికి వచ్చాయి. అది గొప్ప ఆదర్శం. ఊరి బడి ఊరి చేతిలో ఉండాలన్న మాటను కాదనేవాడు ఎవడు? కానీ బడి పేరిట ఊరి చేతికి వచ్చింది పంతులు బదిలీ కాగితం ఒక్కటే. గదులు కట్టే డబ్బు రాలేదు, నల్లబల్లలకు నిధులు రాలేదు. అధికారం మాత్రం సమితి ప్రెసిడెంటు బల్ల మీదికి చేరింది.

మా నాన్నగారు సమితి టీచరు. జీతాల రోజున ఆయన సైకిల్ మీద సమితి ఆఫీసుకు బయలుదేరితే, ఎప్పుడు తిరిగొస్తారో ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు. అక్విటెన్సు (జీతాల చెల్లింపు పట్టీ) మీద రెవెన్యూ స్టాంపు అతికించి సంతకం పెట్టడానికి వేపచెట్టు కింద టీచర్లంతా బారులు తీరి కూర్చునేవారు. గ్రాంటు రాలేదనో, బి.డి.ఓ. గారు క్యాంపుకెళ్లారనో గుమాస్తా చెబితే మళ్లీ వారం ఆగాలి. ఆ చెట్టు కిందే చందా పుస్తకం తిరిగేది, మహాసభ కబురు చేతులు మారేది. నేను చూసిన మొదటి సంఘ కార్యాలయం ఆ చెట్టు నీడే.

ఆ నీడలోంచే పెద్ద సంఘాలు బలపడ్డాయి. ఏ.పి.టి.ఎఫ్., తెలంగాణలో ఎస్.టి.యు., ఆ తర్వాత పి.ఆర్.టి.యు. వచ్చాయి. 1974 ఆగస్టు 10న యు.టి.ఎఫ్. పుట్టింది. చెన్నుపాటి లక్ష్మయ్య, సింగరాజు రామకృష్ణయ్య, అప్పారి వెంకటస్వామి, దాచూరి రామిరెడ్డి వంటివారు ఊరూరా తిరిగి, ప్రెసిడెంటు పేరు వింటే వణికే పంతులును మహాసభ వేదికెక్కించి మాట్లాడించారు. పంచాయతీరాజ్ టీచరుకు ట్రెజరీ ద్వారా జీతం ఇవ్వాలని, ప్రభుత్వ టీచరుతో సమానమైన స్కేలు ఇవ్వాలని, బదిలీలకు నిబంధనలు ఉండాలని వాళ్లు అడిగారు. ఈ కోరికలు ఒక్కొక్కటిగా నెరవేరడానికి దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది. పల్లెటూరి కూలీ కొడుక్కి పాఠం చెప్పేవాడు పట్నం పిల్లలకు పాఠం చెప్పేవాడికి ఏ విధంగానూ తీసిపోడన్న సూత్రం ఆ కోరికల్లో ఉంది. సంఘం సాధించిన అన్నింటిలోకీ నేను దీన్నే ముందు నిలబెడతాను.

చట్టసభలోనూ ఉపాధ్యాయుడికి గొంతు దొరికింది. అయితే దాని హద్దు గురించి మనం చాలినంతగా మాట్లాడుకోలేదు. రాజ్యాంగం 171వ అధికరణం ప్రకారం శాసనమండలిలో పన్నెండో వంతు స్థానాలు ఉపాధ్యాయ నియోజకవర్గాలవి. కానీ ఓటు సెకండరీ స్థాయికి తగ్గని విద్యాసంస్థల్లో పనిచేసేవారికే. అ ఆలు దిద్దించే ప్రాథమిక టీచరుకు ఉపాధ్యాయ ఎమ్మెల్సీని ఎన్నుకునే హక్కు లేదు. ఉద్యమంలో ఊరేగింపు పొడవు పెంచింది ప్రాథమిక టీచర్లే. ఓటరు జాబితాలో మాత్రం వాళ్లు లేరు. 1985లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి రద్దయినప్పుడు ఆ పరిమిత గొంతు కూడా మూగబోయింది, మళ్లీ 2007 దాకా తెరుచుకోలేదు. అంతకు ముందే, 1983లో, పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించిన నిర్ణయం మీద ఉద్యోగులు, ఉపాధ్యాయులు కలిసి వీధికెక్కారు.

సరిగ్గా ఈ దశలోనే కింది మెట్లు మొదలయ్యాయి. నెలకు 398 రూపాయలకు స్పెషల్ టీచర్లను వేశారు. చాలా ఊళ్లలో వాళ్లను '398 టీచర్లు' అనే పిలిచేవారు. మనిషికి జీతం అంకె పేరుగా స్థిరపడింది. ఆ తర్వాత డి.ఎస్సీ.లో ఎంపికైనవారిని అప్రెంటిస్‌లన్నారు. స్కేలు లేకుండా, గౌరవ వేతనం మీద వాళ్లు పూర్తి పని చేశారు. విద్యా వలంటీర్లు వచ్చారు. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవారికి పాత పెన్షన్ పోయి సి.పి.ఎస్. (కంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం) వచ్చింది. ప్రతిసారీ పై మెట్టు మీద ఉన్న టీచరు జీతం చెక్కుచెదరలేదు కాబట్టి, ప్రతిసారీ సంఘంలో సగం మందికి అది తమ సమస్య అనిపించలేదు. 398 టీచర్లకు నోషనల్ ఇంక్రిమెంట్లు రావడానికి ఎన్నేళ్లు పట్టిందో తలుచుకుంటే ఆ నిర్లిప్తత ఖరీదు తెలుస్తుంది. పి.ఆర్.సి. (వేతన సవరణ) మీద నిరసనగా 2022 ఫిబ్రవరి 3న జరిగిన చలో విజయవాడకు ఆంక్షలు దాటుకొని తరలివచ్చిన వేలాదిమందిలో సి.పి.ఎస్. తరం పెద్ద సంఖ్యలో ఉంది. ఆ కోపం ఒక్క పి.ఆర్.సి. వల్ల పుట్టింది కాదు.

ఇక మనం నిలబడ్డ ఈ నేల సంగతి. శిక్షాకర్మి అనే ఏర్పాటు తొలుత రాజస్థాన్‌లో, 1987లో, స్వీడన్ సాయంతో మొదలైంది. మాస్టారు రాని మారుమూల బడులకు స్థానిక యువకులను పెట్టడం దాని ఉద్దేశం. ప్రత్యేక పరిస్థితికి వేసిన ఆ మందును, ఈ ప్రాంతం అప్పుడు భాగంగా ఉన్న మధ్యప్రదేశ్ రోజూ తినే అన్నంగా మార్చింది. 73వ రాజ్యాంగ సవరణ తర్వాత అక్కడ 1994లో కొత్త పంచాయతీరాజ్ చట్టం అమల్లోకి వచ్చింది. రెగ్యులర్ టీచర్ల నియామకాలు ఆగిపోయాయి, పంచాయతీల ద్వారా శిక్షాకర్మీల నియామకాలు మొదలయ్యాయి. ప్రాథమిక బడికి వర్గ్-3, మాధ్యమిక బడికి వర్గ్-2, హయ్యర్ సెకండరీకి వర్గ్-1. వర్గ్-3 వారిని బ్లాకు స్థాయి జనపద్ పంచాయతీ, పై రెండు వర్గాలను జిల్లా పంచాయతీ నియమించేవి. 1997 జనవరి 1న విద్యా హామీ పథకం వచ్చింది. నలభై మంది పిల్లలుంటే, గిరిజన ప్రాంతాల్లో ఇరవై అయిదు మంది ఉన్నా, ఊరు అడిగిన తొంభై రోజుల్లో బడి తెరవాలన్నారు. ఆ బడి గురూజీకి నెలకు 500 రూపాయలు.

ఆ పథకం వల్ల అడవుల్లో వేల బడులు తెరుచుకున్న మాట నిజం. అంతకు ముందు బడి మొహం చూడని ఊళ్లలో పిల్లలు పలక పట్టారు. ఈ ఘనతను తక్కువ చేయడం న్యాయం కాదు. అయితే ఐదో వేతన సంఘం సిఫారసులతో రెగ్యులర్ జీతాల భారం పెరిగిన ఏళ్లవి. డి.పి.ఇ.పి. (జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం) వంటి కార్యక్రమాల ద్వారా చవక టీచరే దారి అన్న ఆలోచన దేశమంతా పాకిన ఏళ్లు కూడా అవే. షాద్‌నగర్ నాడు వికేంద్రీకరణ పంతులును స్థానిక రాజకీయానికి అప్పగించింది. భోపాల్‌లో అదే వికేంద్రీకరణ పంతులు ఖరీదు తగ్గించే సాధనమైంది. రెండుసార్లూ స్వపరిపాలన అనే మంచి మాటకు మూల్యం చెల్లించింది ఉపాధ్యాయుడే.

2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడేటప్పుడు కొత్త రాష్ట్రానికి ఆస్తిగా ఇనుప ఖనిజం, అడవి, కరెంటు వచ్చాయి. వారసత్వంగా శిక్షాకర్మి వ్యవస్థ వచ్చింది. ఒకే బడిలో ఒకే తరగతికి ఒకే పుస్తకం చెప్పే ఇద్దరు. ఒకరు విద్యాశాఖ మనిషి, ఇంకొకరు పంచాయతీ మనిషి. మొదటివారికి నెల తిరగ్గానే జీతం. రెండోవారి జీతం ఏ పద్దు నుంచి వస్తుందో, ఎప్పుడు వస్తుందో తెలిసేది కాదు, నెలల తరబడి ఆగిన సందర్భాలు కొల్లలు. పెళ్లయిన శిక్షాకర్మి స్త్రీ భర్త ఉండే జిల్లాకు బదిలీ కోరితే దారి ఉండేది కాదు, ఉన్నా సీనియారిటీ పోయేది. పేరును శిక్షక్ పంచాయత్ అని మార్చారు. మునిసిపాలిటీ హద్దులో ఉంటే శిక్షక్ నగరీయ నికాయ్. ఉర్లా లాంటి చోట ఊరు పట్నంలో కలిసిపోతూ ఉంటే ఉపాధ్యాయుడి పేరు కూడా మారేది, బతుకు మాత్రం మారేది కాదు.

ఛత్తీస్‌గఢ్‌కు శాసనమండలి లేదు. అందుకే ఇక్కడి సంఘానికి వీధి, ఎన్నిక తప్ప మూడో దారి లేదు. 2012 డిసెంబరులో మొదలై 2013 జనవరి దాకా సాగిన సమ్మె తర్వాత, ఎన్నికల ఏట, ఎనిమిదేళ్లు నిండినవారికి రెగ్యులర్ టీచర్లకు దీటైన స్కేలు ప్రకటించారు. మళ్లీ 2017 నవంబరు 20న, సంవిలియన్ అనే ఒక్క మాట పట్టుకొని, శిక్షక్ పంచాయత్ నగరీయ నికాయ్ మోర్చా రాష్ట్రమంతటా సమ్మెకు దిగింది. విద్యాశాఖలో విలీనం చేయండి, అంతే. రాయపూర్ వచ్చే దారుల్లో పోలీసులు టీచర్లను దింపేశారు, నాయకులను జైల్లో పెట్టారు, బర్తరఫ్ నోటీసులు వెళ్లాయి. చాలా బడుల్లో మధ్యాహ్న భోజనం వండే రసోయియా అక్కలే పిల్లలను కనిపెట్టుకొని కూర్చున్నారు. డిసెంబరు 4 అర్ధరాత్రి, చేతికి ఏ కాగితమూ రాకుండానే, సమ్మె ముగిసింది.

ఆ రాత్రి చాలామంది దాన్ని ఓటమి అన్నారు. ఆరు నెలలు తిరిగేసరికి, 2018 జూన్‌లో అంబికాపూర్ సభలో ముఖ్యమంత్రి రమణ్ సింగ్ విలీనం ప్రకటించారు. జులై 1 నుంచి, ఎనిమిదేళ్లు నిండిన దాదాపు 1,03,000 మంది విద్యాశాఖ ఉద్యోగులయ్యారు. ఆ ఏడాది నవంబరు ఎన్నికల్లో ప్రభుత్వం మారింది. మోర్చా నాయకుల్లో ఒకరైన చంద్రదేవ్ రాయ్ బిలాయిగఢ్ నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. రెండేళ్లు నిండిన 16,278 మందికి 2020 నవంబరులో విలీనం వర్తించింది. శిక్షాకర్మి అనే మాట సర్వీసు రికార్డుల నుంచి వెళ్లిపోయింది. ఉత్త చేతులతో ముగిసిన సమ్మె కూడా గెలుస్తుందన్నది ఈ ప్రాంతపు ఉపాధ్యాయులు దేశానికి చూపించిన విషయం.

విలీనమైనవారి హోదా పక్కన మాత్రం రెండక్షరాలు మిగిలాయి, ఎల్.బి. అని. లోకల్ బాడీ నుంచి వచ్చినవాడని గుర్తు. 2022లో ఈ రాష్ట్రం పాత పెన్షన్‌ను తిరిగి తెచ్చింది. కానీ సర్వీసును విలీనం తేదీ నుంచే లెక్కించడంతో, ఇరవై ఏళ్లు చాక్‌పీసు పట్టిన మనిషి కాగితం మీద కొత్త ఉద్యోగిగా మిగిలాడు. విలీనానికి ముందే చనిపోయిన పంచాయతీ టీచర్ల భార్యలు కారుణ్య నియామకాల కోసం రాయపూర్ బూఢా తాలాబ్ దగ్గర నెలల తరబడి కూర్చున్నారు. భర్త సమాధానం లేని ప్రశ్నగా మిగిల్చి వెళ్లిన ఉద్యోగానికి, డి.ఎడ్. ఉందా, టెట్ పాసయ్యావా అని భార్యను అడిగారు. వాళ్ల టెంటు కింద విలీనమైన లక్షమందిలో ఎంతమంది వచ్చి కూర్చున్నారు? ఈ ప్రశ్నను నేను బాధతో అడుగుతున్నాను. సంఘం చరిత్రలో మరచిపోకూడని పేజీ అది.

కింది మెట్లు కట్టడం ఆగలేదు. అతిథి శిక్షకులు వచ్చారు. బి.ఎడ్. చదివి సహాయ శిక్షకులుగా చేరినవారిని కోర్టు తీర్పుల దరిమిలా తొలగించారు. వారిలో చాలామంది బస్తర్, సర్గుజా బడుల్లో పనిచేసినవారు. నెలల ఆందోళన తర్వాత 2025లో 2,621 మందిని సహాయ శిక్షక్ విజ్ఞాన్ (ప్రయోగశాల) పోస్టుల్లో సర్దుబాటు చేయాలని నిర్ణయించారు. అదే ఏడాది హేతుబద్ధీకరణ పేరిట పదివేలకు పైగా బడులను కలిపే కసరత్తు జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి జీవో 117 మూడు, నాలుగు, అయిదు తరగతులను ప్రాథమిక బడి నుంచి విడదీసింది. సంఘాల పోరాటం తర్వాత అది 2025లో రద్దయింది. నిన్నటిదాకా ప్రశ్న టీచరు ఎవరి ఉద్యోగి అని. ఇప్పుడు ఆ ఊళ్లో బడి ఉంటుందా అన్న ప్రశ్న కూడా దానికి తోడైంది.

ఇక్కడే ఉర్లాకు సొంతమైన ఒక అనుభవం మనకు దారి చూపాలి. శంకర్ గుహా నియోగి నాయకత్వంలో దల్లీ రాజ్‌హరా గని కార్మికులు 1977లో కట్టుకున్న సంఘం జీతం దగ్గర ఆగలేదు. బడులు పెట్టింది, సారా మానిపించింది, 1983లో షహీద్ ఆసుపత్రి కట్టింది. 1990-91లో అదే ఉద్యమం భిలాయ్, కుమ్హారీ, టేడేసరాలతో పాటు ఈ ఉర్లా ఫ్యాక్టరీలకూ పాకింది. 1991 సెప్టెంబరు 28న నియోగిని హత్య చేశారు. 1992 జులై 1న భిలాయ్ పవర్‌హౌస్ స్టేషన్ దగ్గర కార్మికుల మీద కాల్పులు జరిగాయి. ఈ సభలోని పెద్దల్లో కొందరికి ఆ రోజులు కళ్లకు కట్టినట్టు గుర్తుంటాయి. చదువు రాని కార్మికులు బడి కట్టుకున్నారు. చదువు చెప్పేవారి సంఘాలు బడి గురించి ఎన్ని తీర్మానాలు చేశాయి, సర్వీసు గురించి ఎన్ని చేశాయి అని తూచి చూసుకుంటే మనకు గర్వపడే అవకాశం తక్కువ.

అవకాశం లేకపోలేదు. 1990 దశకం మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో ఉపాధ్యాయులు, జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు రాత్రి బడులు నడిపారు. లాంతరు వెలుగులో కూడబలుక్కొని చదివిన స్త్రీలే దూబగుంటలో సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుంది, 1993లో సారా నిషేధం వచ్చింది. అక్కడ ఊరికీ ఉపాధ్యాయుడికీ మధ్య గోడ లేదు. అలాంటి చోట బడి మూస్తామంటే ఊరే అడ్డం నిలబడుతుంది. పంచాయతీ పెత్తనం నుంచి బయటపడటం ఉపాధ్యాయుడికి అవసరమే. కానీ పెత్తనంతో పాటు ఊరిని కూడా వదిలేసుకున్నాం. విలీనం తర్వాతి సంఘం చేయవలసిన మొదటి పని ఆ తెగిన ముడి మళ్లీ వేయడం. పాఠశాల నిర్వహణ సమితి సమావేశానికి తల్లిదండ్రులను సంతకాల కోసం పిలవడం మాని, మాటల కోసం పిలవడంతో అది మొదలవుతుంది.

ఇక్కడి ఉపాధ్యాయ మిత్రులకు నావి రెండు విన్నపాలు. 2012, 2017 సమ్మెల కరపత్రాలు, నోటీసులు, జైలు నుంచి రాసిన ఉత్తరాలు మీ ఇళ్లలో ఇంకా ఉండే ఉంటాయి. చెదలు పట్టకముందే వాటిని ఒకచోట చేర్చండి. ఉత్తరాంధ్ర సమితి టీచర్ల చందా పుస్తకాలు అలా పోగొట్టుకునే మేం చరిత్రను జ్ఞాపకం మీద ఆధారపడి చెప్పుకోవలసి వస్తోంది. రెండోది, ఇవాళ మీ పక్క గదిలో పాఠం చెబుతున్న అతిథి శిక్షకుడినీ, దినసరి లెక్క మీద పనిచేసే అమ్మాయినీ మీ సంఘంలో పూర్తి సభ్యులుగా చేర్చుకోండి. నిబంధనావళి ఒప్పుకోకపోతే నిబంధనావళి మార్చండి. జూన్ 16న బడులు తెరిచేనాటికి సభ్యత్వ పుస్తకంలో వాళ్ల పేర్లు ఉండాలి.